అబ్జూర్, అడ్జూర్, మా తెలుగు మాస్టారి శ్లోకం

మా అక్క కూతురు ఈ ఏడాది, విదేశాల్లో పై చదువులకు అడిగే జీఆర్‌ఈ పరీక్ష రాస్తోంది. మూడు వారాల క్రితం ఒక ఆదివారం మా ఇంటికొచ్చింది. భోజనాలయ్యాక దివాన్ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోన్‌లో ఇంగ్లీషు పదాల కార్డులు తిప్పుకుంటోంది. ఒక కార్డు తిప్పడం, కళ్లు మూసుకుని పెదాలు కదపడం, ఇంకో కార్డు తిప్పడం. కాసేపటికి ఫోన్ పక్కన పెట్టేసి, "పిన్నీ, అబ్జూర్ అంటే వేడుకోవడమా, వదులుకోవడమా? పొద్దున్నుంచీ నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ తప్పే చెప్పాను" అంది.

వదులుకోవడం అని చెప్పాను. సరిగ్గా ఆ మాట దగ్గరే 2007లో నేనూ తప్పాను. అప్పటికి దాన్ని కనీసం పదిసార్లు చదివి ఉంటాను.

అబ్జూర్ అంటే ఒట్టు పెట్టుకుని ఒకదాన్ని వదిలేయడం. మతాన్నో, నమ్మకాన్నో, పాత అలవాటునో 'ఇక దీని జోలికి పోను' అని ప్రమాణం చేసి తెంచుకోవడం. అడ్జూర్ అంటే ఒట్టు పెట్టి అడగడం. మన ఇళ్లలో "నా మీద ఒట్టు, నిజం చెప్పు" అంటారు చూడండి, అచ్చం అదే. రెండింట్లోనూ ఉన్న 'జూర్'కి లాటిన్‌లో ప్రమాణం చేయడమని అర్థం. జ్యూరీ అనే మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. తేడా అంతా మొదటి రెండు అక్షరాల్లో ఉంది. 'ఏ' అనే అక్షరం తర్వాత 'బీ' ఉంటే దూరంగా, 'డీ' ఉంటే వైపుగా. ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే నేను పదిసార్లు చదవాల్సిన పని ఉండేది కాదు. నాకు ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత మా అక్క కూతురికీ ఎవరూ చెప్పలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంజనీరింగ్ మూడో ఏడు వేసవిలో హైదరాబాద్ వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్‌లో చేరాను. మొదటి రోజే పదాల జాబితా చేతిలో పెట్టారు. రోజుకు యాభై మాటలు, మర్నాడు పొద్దున్నే టెస్టు. మొదటి రోజు మాటలు అబేస్, అబాష్, అబేట్, అబ్డికేట్, అబెరంట్, అబెట్, అబేయన్స్, అబ్‌హోర్, అబ్జెక్ట్, అబ్జూర్ అంటూ సాగేవి. అన్నీ ఒకే మొహం ఉన్న మనుషుల్లా ఉండేవి. రాత్రి పన్నెండింటి దాకా చదివి, పొద్దున టెస్టులో పది చూడగానే అన్నీ కలిసిపోయేవి. నాకు ఇప్పటికీ గుర్తున్న విషయం ఒకటుంది. ఆ రోజుల్లో అబేట్ అనే మాట చూస్తే దాని అర్థం కంటే ముందు అది పేజీలో ఎక్కడుందో గుర్తొచ్చేది. ఎడమవైపు, పైనుంచి మూడోది. నా బుర్రలో ఆ మాటకు ఉన్న చిరునామా అదొక్కటే. ఆ పేజీ లేని చోట, ఒక వాక్యం మధ్యలో ఆ మాట కనబడితే దాన్ని పట్టుకోవడానికి నాకు ఏ ఆధారమూ ఉండేది కాదు.

చూడటానికి, వినడానికి దగ్గరగా ఉండి నేర్చుకునేవాళ్లను తికమకపెట్టే మాటల మీద ఇజ్రాయెల్‌లో బాటియా లౌఫర్ అనే భాషాశాస్త్రవేత్త చాలాకాలం పనిచేశారు. అలాంటి జంటలకు 'సిన్‌ఫార్మ్స్' అని పేరు పెట్టారు. ఇంకో భాష నేర్చుకునేవాళ్లు మాటను మొత్తంగా గుర్తుపెట్టుకోలేక ఒక రూపానికి బదులు దాని పక్క రూపాన్ని లాక్కొస్తారు. ఇది తెలివితక్కువ వల్ల జరిగేది కాదు, ఎవరికైనా జరుగుతుంది. అలాంటప్పుడు ఒకేలా మొదలయ్యే మాటలన్నిటినీ ఒకే రోజు, ఒకే పేజీలో, పక్కపక్కన పెట్టి నేర్పడమంటే ఆ తికమకను మనమే చేతులారా తయారుచేయడం.

ఈ వరస ఎక్కడిది అని వెతుక్కుంటూ పోతే 1604 దాకా వెళ్లాను. రాబర్ట్ కాడ్రీ అనే ఆయన ఇంగ్లండ్‌లో కొంతకాలం బడిపంతులుగా పనిచేశాడు. ఇంగ్లీషులోని కష్టమైన మాటలకు ఇంగ్లీషులోనే అర్థాలు చెప్పే చిన్న నిఘంటువును ఆ ఏడాది అచ్చు వేయించాడు. ఆ రకం నిఘంటువుల్లో మొట్టమొదటిది అదే. దాదాపు 2500 మాటలు. మొదటి మాట అబాండన్, రెండోది అబాష్. అంటే అమీర్‌పేటలో నేను మొదటి రోజు బట్టీపట్టిన పేజీ నాలుగు వందల ఏళ్ల నాటిది. కాడ్రీ మాత్రం అక్షరక్రమాన్ని ఎలా వాడుకోవాలో తన పాఠకులకు ముందుమాటలోనే చెప్పాడు. మీకు కావాల్సిన మాట ఏతో మొదలైతే పుస్తకం మొదట్లో చూడండి, వీతో మొదలైతే చివరి వైపు చూడండి అన్నాడు. వెతుక్కోవడానికి దారి చూపించాడు. ఆ వరసలో కంఠతా పట్టమని ఆయన ఎవరికీ చెప్పలేదు.

మన దగ్గర ఈ రెండు పనులకూ రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉండేవి. కంఠస్థం చేయడానికి అమరకోశం ఉంది. అందులో మాటలు అర్థాన్నిబట్టి వర్గాలుగా ఉంటాయి. స్వర్గానికి సంబంధించినవి ఒకచోట, ఆకాశానికి సంబంధించినవి ఒకచోట, అదీ శ్లోకాల్లో. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం రాస్తూ దేవవర్గు, మానవవర్గు అని అలాగే విడదీసి పద్యాల్లో పెట్టాడు. వెతుక్కోవడానికి అకారాది నిఘంటువు కావాల్సి వచ్చినప్పుడు, 19వ శతాబ్దం తొలినాళ్లలో, మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక తయారుచేశాడు. అమరకోశం చదివే పిల్లవాడికి 'అ'తో మొదలయ్యే మాటలన్నీ ఇవాళే మింగేయమని ఏ గురువూ చెప్పలేదు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మనం వెతికే పుస్తకాన్ని నేర్చుకునే పుస్తకంగా మార్చేసుకున్నాం.

ఇదంతా నాకు పరీక్ష అయిపోయిన ఎన్నో ఏళ్లకు తెలిసింది. అదీ చదువు దగ్గర కాదు, ఫిజియోథెరపీ గదిలో. 2013లో మా అమ్మకు భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు, జడ వేసుకోలేకపోయేది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి కాగితం మీద వ్యాయామాలు రాస్తూ, "ఏ-బీ-డక్షన్ పదిహేను, ఏ-డీ-డక్షన్ పదిహేను" అని అక్షరాలు విడగొట్టి పలికింది. అలా ఎందుకంటున్నారని అడిగాను. అబ్డక్షన్, అడక్షన్ అని మామూలుగా పలికితే ఒకటి ఇంకోలా వినబడుతుందట. ఒకటి చేతిని ఒంటికి దూరంగా పక్కకు ఎత్తడం, రెండోది ఒంటివైపుకు తేవడం. దిక్కు తారుమారైతే రోగికి నొప్పి, అందుకే డాక్టర్లు కూడా ఇలాగే విడగొట్టి చెప్తారని చెప్పింది. ఆ రోజు సాయంత్రం నిఘంటువు తీశాను. డ్యూకేరె అంటే లాటిన్‌లో నడిపించడం, తీసుకెళ్లడం. అబ్డక్ట్ అంటే దూరంగా తీసుకెళ్లడం. పత్రికల్లో కిడ్నాప్ కేసుల్లో అబ్డక్షన్ అంటారు, మన తెలుగు పేపర్లలో అపహరణ అంటారు. అపహరణ! ఆ మాట దగ్గర నాకు మా హైస్కూలు గుర్తొచ్చింది.

నరసరావుపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు ఉపసర్గలు చెప్పారు. ప్ర, పరా, అప, సమ్ అంటూ ఇరవై రెండూ వల్లె వేయించి, తర్వాత బోర్డు మీద ఒక పాత శ్లోకం రాశారు.

ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే
ప్రహారాహార సంహార విహార పరిహారవత్

ఉపసర్గ వచ్చి ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి లాక్కుపోతుందని దీని భావం. హృ అంటే తీసుకుపోవడం అనే ఒక్క పని. ముందు ప్ర చేరితే ప్రహారం, అంటే దెబ్బ. ఆ చేరితే ఆహారం, తిండి. సమ్ చేరితే సంహారం, చంపడం. వి చేరితే విహారం. పరి చేరితే పరిహారం. ఇంకా ఎవరికి ఏం తోస్తే అది చెప్పమన్నారు. ఎవరో ఉదాహరణ అన్నారు, ఇంకెవరో వ్యవహారం అన్నారు. నేను లేచి అపహరణ అన్నాను. "బాగా చెప్పావమ్మా" అన్నారు మాస్టారు. ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన 'అప', ఏడేళ్ల తర్వాత అమీర్‌పేటలో నన్ను ఏడిపించిన 'అబ్', ఒకే తల్లి పిల్లలని తెలియడానికి నాకు ఆ ఫిజియోథెరపీ గది దాకా పోవాల్సి వచ్చింది.

సంస్కృతంలో అప, లాటిన్‌లో అబ్, గ్రీకులో అపో. మూడూ ఒకే పురాతన మూలం నుంచి వచ్చాయి. ఇంగ్లీషులో సొంతంగా నిలిచిన రూపం కూడా ఉంది, అదే ఆఫ్. "ఫ్యాన్ ఆఫ్ చెయ్" అని రోజుకు ఎన్నిసార్లు అంటామో! కలకత్తాలో 1786లో విలియం జోన్స్ ఆసియాటిక్ సొసైటీలో మాట్లాడుతూ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని, ఆ మూలం ఇప్పుడు లేకపోయి ఉండవచ్చని అన్నప్పుడు ఆయన చెప్పింది ఇలాంటి చుట్టరికాల గురించే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దీన్ని పట్టుకుని ఇంగ్లీషంతా సంస్కృతం నుంచి పుట్టిందని వాదించేవాళ్లు ఉన్నారు. అది తప్పు. అక్కాచెల్లెళ్లలో ఒకరు ఇంకొకరి కూతురు కారు. తెలుగు అయితే ఆ ఇంటిదే కాదు, ద్రావిడ కుటుంబానిది. ఆ సంగతిని 1816లోనే మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. కానీ మనం సంస్కృతం నుంచి ఎన్ని మాటలు తెచ్చుకున్నామంటే, వాటితోపాటు ఈ ఉపసర్గలు కూడా మన నోటికి అలవాటైపోయాయి. బడికి పోని మా నాయనమ్మ కూడా అపశకునం అనేది, అపకారం అనేది. ఆ అలవాటు మన చేతిలో ఉన్న పనిముట్టు. అది చేతిలో ఉండగా వాడుకోకుండా, పిల్లల్ని కళ్లకు గంతలు కట్టి నడిపిస్తున్నాం. నా గొడవంతా దాని గురించే.

మా మాస్టారు రాసిన శ్లోకానికి లాటిన్ జవాబు రాయాలంటే నేను హృ బదులు రొగారె తీసుకుంటాను. రొగారె అంటే అడగడం. రోమ్‌లో చట్టం చేయాలంటే అధికారి ప్రజాసభ ముందు నిలబడి, ఇది మీకు సమ్మతమేనా అని అడగాలి. అడగడమే చట్టానికి మొదలు. ఇప్పుడు ఉపసర్గలు చేర్చుకుంటూ పోదాం.

అబ్రొగేట్ అంటే ఉన్న చట్టాన్ని తీసేద్దామా అని అడగడం, అంటే రద్దు చేయడం. 2019 ఆగస్టులో 370వ అధికరణం విషయంలో ఇంగ్లీషు పేపర్లన్నీ అబ్రొగేషన్ అని రాశాయి, ఆ నెలలో ఈ మాట దేశమంతా విన్నది. డెరొగేట్ అంటే చట్టం మొత్తాన్ని వదిలి అందులో ఒక ముక్క కోసేయడం. చట్టం విలువను తగ్గించడం కాస్తా మనిషి విలువను తగ్గించడం అయింది. డెరొగేటరీ కామెంట్లు అని టీవీలో రోజూ వినే మాట అదే. ప్రిరొగేటివ్ అంటే ముందుగా అడగడం. రోమ్‌లో ఒక రకం ప్రజాసభలో చీటీ తీసి ఒక బృందాన్ని అందరికంటే ముందు ఓటు అడిగేవారు. వాళ్లు ఎటు వేశారో చూసి మిగతావాళ్లు మొగ్గేవాళ్లు. ఆ మొదటి ఓటు గౌరవమే పోను పోను విశేషాధికారం అయింది. మంత్రివర్గంలో ఎవరుండాలన్నది ముఖ్యమంత్రి ప్రిరొగేటివ్ అంటున్నప్పుడు దాని లోపల ఆ రోమన్ చీటీ ఉంది. సరొగేట్ అంటే ఒకరి బదులు అడిగి తెచ్చుకున్న మనిషి. సరోగసీ అనే మాట ఇప్పుడు తెలియని వాళ్లు లేరు. ఇంటరొగేట్ సంగతి పోలీసు స్టేషన్ వార్తలు చదివే అందరికీ తెలుసు.

ఇక అరొగేట్. నాకు లేని హక్కును నాదేనని నాకోసం నేనే అడిగేసుకోవడం. అరొగెంట్ మనిషి చేసే పని అదే. ఇందులో ఉపసర్గ ఎక్కడ ఉందని అడగొచ్చు. అక్కడున్నది అడ్. డ్ పక్కన ర్ వచ్చేసరికి డ్ కూడా ర్‌గా మారిపోయింది. ఉత్ పక్కన లాసం వస్తే ఉల్లాసం, నతి వస్తే ఉన్నతి అవుతాయని మనకు బడిలోనే చెప్పారు. ఇది ఆ సంధే. తెలుగు మీడియంలో చదివానని ఇంగ్లీషు క్లాసులో వెనక బెంచీలో ముడుచుకు కూర్చున్న నాకు, అరొగేట్ లోపల ఏం జరిగిందో అర్థం చేసుకునే సత్తా పక్కవాళ్ల కంటే ఎక్కువే ఉంది. ఆ సంగతి ఎవరైనా ఆ రోజు నాతో చెప్పి ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో!

అబ్ దగ్గరికి మళ్లీ వస్తాను. అబామినేట్ అంటే తీవ్రంగా అసహ్యించుకోవడం. అందులో అబ్ పక్కన ఉన్నది ఓమెన్, శకునం. ఇది నాకు దుశ్శకునం, దూరంగా పో అనడం. అపశకునంలో రెండు ముక్కలూ అలాగే ఉన్నాయి. అబ్సర్డ్ అంటే అర్థంపర్థం లేనిదని అందరికీ తెలుసు, కానీ లాటిన్‌లో దాని మొదటి అర్థం శ్రుతి తప్పినది. మనం అపస్వరం అంటాం. అబెరంట్‌లో ఉన్న ఎరారె అంటే దారి తప్పి తిరగడం, ఎర్రర్ కూడా అందులోదే. మనకు అపమార్గం ఉంది. అబండెన్స్‌లో ఉన్నది ఉండా, అంటే అల. ఒడ్డు దాటి పొర్లిపోయేంత అన్నమాట. ఆ ఉండా, మన ఉదకం దూరపు చుట్టాలు.

అబ్‌హోర్ దగ్గర కాసేపు ఆగాలి. హొర్రేరె అంటే వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. ఒళ్లు జలదరించి వెనక్కి జరగడం అబ్‌హోర్. సంస్కృతంలో హర్షానికి మూలమైన ధాతువు కూడా అదే కుటుంబానిది. దాని పాత అర్థం అక్కడా వెంట్రుకలు నిక్కబొడుచుకోవడమే. భగవద్గీత చివర్లో సంజయుడు తాను విన్న సంవాదాన్ని అద్భుతం, రోమహర్షణం అంటాడు. ఒకే గగుర్పాటు. మన వైపు ఆనందం అయింది, రోమ్ వైపు భయం, అసహ్యం అయింది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇక ఆ మాట మర్చిపోయే ప్రశ్నే లేదు.

అబ్‌స్కాండ్ మన దేశంలో పోలీసుల నుంచి ఐటీ కంపెనీల దాకా పాకింది. చెప్పకుండా ఉద్యోగం మానేసిన వాళ్లను అబ్‌స్కాండింగ్ అని రాసేస్తారు. కాండేరె అంటే దాచిపెట్టడం. అందులో ఉన్న 'డేరె', మన 'ధా' ధాతువు ఒకటే, పెట్టడమని అర్థం. మన పురాణాల్లో మాయమైపోయేవాళ్లు అంతర్ధానం అవుతారు. అందులోనూ ధా ఉంది.

ఇంతవరకు చదివి, అబ్ కనబడితే అప అనుకుంటే చాలు కదా అనుకునేవాళ్లు ఉంటారు. చాలదు. ఆ తొందరలో నేనూ మోసపోయాను. జాబితాలో మొట్టమొదటి మాట అబేస్‌లోనే అబ్ లేదు. అక్కడున్నది ఫ్రెంచి దారిలో అరిగిపోయిన అడ్. అడ్‌లో డ్ రాలిపోయి అ మిగిలింది, దాని పక్కన బేస్, అంటే కింద. కిందికి దించడం, కించపరచడం. అబేట్‌లో ఉన్నది కొట్టడమనే అర్థమున్న మాట. కొట్టి పడగొట్టడం కాస్తా మెత్తబడి వాన, కోపం, నొప్పి తగ్గడం అయింది. అబ్బ్రీవియేట్ కూడా అడ్‌దే. చూడటానికి అక్కాచెల్లెళ్లలా కనిపించే ఈ మాటల్లో సగం దూరంగా పోతుంటే సగం దగ్గరికి వస్తున్నాయి. అక్షరక్రమం ఈ రెండు గుంపులనూ ఒకే గాటన కట్టేసింది.

అబెట్ మాట కూడా అడ్ గుంపులోదే, నాకు వీటన్నిటిలో బాగా నచ్చినదీ అదే. నేరానికి ప్రోత్సహించడం అని కోచింగ్‌లో చెప్పారు. పాత ఫ్రెంచిలో దానికి కుక్కల్ని ఉసిగొల్పడమని అర్థం. ఉసిగొల్పడం! మనం కూడా కుక్కను ఎగదోసే మాటనే మనుషులకు వాడతాం. "వీణ్ణి ఎవరో ఉసిగొల్పారు" అంటే తెలుగు తెలిసినవాళ్లకు ఇంకో వివరణ అక్కర్లేదు. జాబితాలో దీని పక్కన రాయాల్సిన తెలుగు ఇది. ప్రేరేపించుట, ప్రోత్సహించుట అని రాస్తే ఆ మాటలో ప్రాణం పోతుంది.

అబిస్ ఈ రెండు గుంపుల్లోనూ లేదు. అది గ్రీకు. అందులో 'అ' అంటే లేదు, 'బిస్' అంటే అడుగు. అడుగు లేనిది. మన అగాధం కూడా అ, గాధ అని విడిపోతుంది, అర్థం కూడా అదే. గ్రీకులో ఉన్న ఆ 'అ', మన అధర్మంలో, అన్యాయంలో ఉన్న 'అ' ఒకటే.

పండితులు కూడా ఈ మొదటి అక్షరాల దగ్గర తప్పులు చేశారు. అబామినబుల్‌లో ఓమెన్ ఉందని మర్చిపోయి, మనిషి అనే అర్థమున్న హోమో ఉందనుకుని, మనిషితనానికి దూరమైనదని అర్థం చెప్పుకుని, శతాబ్దాల పాటు మధ్యలో ఒక హెచ్ పెట్టి రాశారు. షేక్‌స్పియర్ నాటకంలో ఒక పండితమ్మన్యుడు ఆ హెచ్ పలకని వాళ్లను తప్పుపడతాడు కూడా. అందుకే నేను పిల్లలకు చెప్పేది ఒకటే. ఊహించండి, కానీ ఊహించాక నిఘంటువులో మాట పుట్టుక చూసి తేల్చుకోండి. మంచి నిఘంటువులన్నిటిలో అది ఒక్క పంక్తిలో ఉంటుంది. ఇప్పుడు ఫోన్‌లో అరనిమిషం పని.

కోచింగ్‌లో పాఠాలు చెప్పే స్నేహితురాలు ఒకావిడ ఇది విని, "బాగానే ఉంది గానీ, పిల్లల చేతిలో రెండు నెలలుంటాయి. వాళ్లకు రోమ్ కథలు చెప్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది?" అంది. ఆమె టెన్షన్ నాకు అర్థమవుతుంది. నేనూ ఆ రెండు నెలలు గడిపినదాన్నే. కానీ ఆ రెండు నెలల్లో నేను చదివిన మాటల్లో ఎన్నిటిని మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చిందో కూడా నాకు తెలుసు. రొగారె కథకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో ఆరు మాటలు వస్తాయి, ఒకదాన్ని ఇంకొకటి పట్టుకుని ఉంటాయి, కాబట్టి జారిపోవు. జాబితాలో అవి ఏ దగ్గర రెండు, డీ దగ్గర ఒకటి, ఐ దగ్గర ఒకటి, పీ దగ్గర ఒకటి, ఎస్ దగ్గర ఒకటిగా చెల్లాచెదురై ఉంటాయి. ఒక కుటుంబాన్ని అయిదు ఊళ్లకు విడగొట్టి, ముక్కూమొహం తెలియని వాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టినట్టు.

పైగా పరీక్షే మారిపోయింది. మా రోజుల్లో పెద్దక్షరాల్లో ఒక విడి మాట ఇచ్చి, కింద అయిదింట్లో దానికి వ్యతిరేకార్థం ఏదని అడిగేవాళ్లు. దానికి బట్టీ కొంతైనా పనికొచ్చేది. 2011 ఆగస్టులో ఆ ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు మాట ఎప్పుడూ ఒక వాక్యంలోనో పేరాలోనో ఉంటుంది. ఖాళీలో ఏది అతుకుతుందో తేల్చాలి. దానికి మాట ఎటువైపు లాగుతుందో తెలియాలి, దగ్గరికా దూరానికా, పైకా కిందికా. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను రెండు గంటల లోపుకు కుదించారు కూడా. ఇన్ని మారినా మన పిల్లల చేతుల్లోకి వచ్చే జాబితా మాత్రం ఇంకా ఏ, బీ దగ్గరే మొదలవుతోంది. కాగితం పోయి ఫోన్ వచ్చింది, వరస మారలేదు.

ఏ కథా లేకుండా గుర్తుపెట్టుకోవాల్సిన మాటలూ ఉంటాయి, దాచను. అబ్‌స్టీమియస్ అంటే తిండి, తాగుడు విషయంలో చాలా మితంగా ఉండే మనిషి. అందులో ఉన్న టెమేటమ్ అంటే లాటిన్‌లో ఘాటైన మద్యం. ఆ ముక్క ఇంకే మామూలు ఇంగ్లీషు మాటలోనూ తగల్లేదు నాకు. అలాంటప్పుడు ఒక మనిషిని తలుచుకోవడమే దారి. నేను మా నాయనమ్మను తలుచుకుంటాను. తాతయ్య పోయాక ముప్ఫై ఏళ్లు ఆవిడ ఒంటిపూట భోజనమే చేసింది. రాత్రి గ్లాసు మజ్జిగ, అంతే. అబ్‌స్టీమియస్ అనే మాట నాకు ఆ మజ్జిగ గ్లాసు పక్కన ఉంటుంది.

ఆ ఆదివారం మా అక్క కూతురికి ఇదంతా ఒక్కసారి చెప్పలేదు. కాగితం మీద మూడు గళ్లు గీసి, దూరంగా పోయేవి ఒకదాంట్లో, దగ్గరికి వచ్చేవి ఒకదాంట్లో, లేదు అనేవి ఒకదాంట్లో రాయమన్నాను. ఫోన్‌లో ఉన్న అబ్ మాటలన్నీ తీసి, ఒక్కొక్కదాని పుట్టుక చూసుకుంటూ సర్దడం మొదలుపెట్టింది. సాయంత్రానికి నలభైకి దగ్గర పడ్డాయి. మధ్యలో ఒకసారి, "అబ్‌స్ట్రూస్‌లో ట్రూస్ అంటే తోసేయడమట పిన్నీ. అర్థం కాకుండా దూరంగా తోసేసింది!" అని తనంతట తనే కేకేసింది. మా ఆయన లోపలి గది నుంచి ఏమైందని పరిగెత్తుకొచ్చారు.

చివరికి ఒకటి మిగిలింది. అబేయన్స్. తాత్కాలికంగా నిలిపివేయడమని కార్డు మీద ఉంది. ఏ గడిలో పెట్టాలో తెలియక నా వైపు చూసింది. ఇద్దరం కలిసి చూశాం. పాత ఫ్రెంచిలో ఒకదానివైపు నోరు తెరుచుకుని ఆశగా చూడటం అనే మాట నుంచి వచ్చింది. ఒక ఆస్తికి వారసుడెవరో తేలనప్పుడు అది అలా ఎదురుచూస్తూ ఉంటుందని న్యాయశాస్త్రంలోకి తెచ్చుకున్నారు. "నోరెళ్లబెట్టుకుని చూడటమన్నమాట" అన్నాను. దగ్గరికి వచ్చేవాటి గడిలో రాసింది.

రాశాక పెన్ను అలాగే పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. "నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు నాన్న ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ అబేయన్స్‌లో పెట్టారు, గుర్తుందా పిన్నీ? నాలుగు నెలలు. సామాన్లు సగం అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. నన్ను ఏ స్కూల్లో చేర్పించాలో తెలియలేదు. రోజూ సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి రాగానే అందరం ఆయన మొహం వంకే చూసేవాళ్లం."